ట్వైలా వదిన చెప్పించిన మాట

మా అన్న ఓరిన్‌ని పెళ్లి చేసుకుని మా ఇంటికొచ్చిన ట్వైలా వదినకి రెండు పనులు బాగా వచ్చు. తోటలో కాసిన చిక్కుళ్లని సీసాల్లో ఉడకబెట్టి, మూతలు బిగించి, ఏళ్ల తరబడి చెడకుండా దాచడం ఒకటి. కోపాన్ని అదే పద్ధతిలో దాచడం రెండోది. పగ పట్టడం పాపమని మా చర్చిలో ఆదివారం ఆదివారం చెబుతూనే ఉంటారు. చెప్పేవాళ్లకి నాడీన్ ప్రూయిట్ లాంటిది ఒక్కతి కూడా తగిలి ఉండదు.

దక్షిణ మిస్సోరిలోని మా కొండల్లో సగం ఇళ్లవాళ్లు పిల్లల్ని ఊరి బడికి పంపరు. వంటింటి బల్లే బడి, తల్లే పంతులమ్మ. గురువారం మాత్రం అందరం చర్చి కింద హాల్లో కలుస్తాం. ఒక తల్లి సబ్బు వండటం నేర్పుతుంది, ఒకతె కోడిగుడ్లు పొదిగిస్తుంది, ఇంకొకతె పాత రేడియో విప్పించి మళ్లీ బిగించమంటుంది. మధ్యాహ్నం తలా ఒక వంటకం తెచ్చుకుని తింటాం. చలికాలం చివర్లో చేతిపనుల పోటీ పెట్టుకుంటాం. పరీక్షలు లేవు, మార్కులు లేవు, వచ్చి అడిగే ఇన్‌స్పెక్టరూ లేడు. మాకు ఉన్నదల్లా తల్లి మాటే. పోటీ బల్ల మీద వస్తువు పెట్టేముందు తల్లి లేచి నిలబడి, "ఇది నా బిడ్డ చేతిపని" అంటుంది. సంతకం లేదు, ప్రమాణం లేదు. ఆ మాట అన్నాక దాన్ని కాదనడం మాలో లేదు.

కాదనాలంటే ముందు నాడీన్‌నే అనాలి. గురువారం గుంపుకి ఆవిడే పెద్ద. భర్త చర్చి పెద్దల్లో ఒకడు, అత్తగారు ఊరి బడిలో పాతికేళ్లు పాఠాలు చెప్పిన మనిషి. వాళ్ల ఒక్కగానొక్క కొడుకు ఆసా ఏటేటా పోటీకి పెట్టే వస్తువులు చూస్తే కళ్లు తిరిగేవి. ఒక ఏడు తాళ్లూ చక్రాలూ పెట్టి రాళ్లు విసిరే యంత్రం తెచ్చాడు. ఇంకో ఏడు బైబిల్లో చెప్పిన కొలతల ప్రకారం బంగారు కాగితం అతికించిన దేవుని గుడారం. వాడు మేకు పట్టుకుంటే బొటనవేలు వాచేదని హాల్లో అందరికీ తెలుసు. అయినా నాడీన్ లేచి, "ఇది నా బిడ్డ చేతిపని" అనగానే అందరం చప్పట్లు కొట్టేవాళ్లం. మర్యాద అంటే మా దగ్గర అంత ఖరీదు.

మా మేనకోడలు తిర్సాకి పదేళ్లప్పుడు ఐస్‌క్రీం పుల్లల వంతెన పోటీ పెట్టారు. రెండు కుర్చీల మధ్య వంతెన నిలబెట్టి, కింద బకెట్టు వేలాడదీసి, అది విరిగేదాకా అందులో మొక్కజొన్న గింజలు పోయాలి. ఆసా వంతెన చూడటానికి పెళ్లి కేకులా ఉంది, బకెట్టు సగం నిండకముందే పెళపెళమంది. తిర్సాది బక్కచిక్కి, జిగురు మరకలతో, చూడ్డానికి ఏమీ బాగాలేదు. బకెట్టు నిండి గింజలు నేల మీద ఒలికాయి గానీ వంతెన కదల్లేదు. పిల్లలంతా ఈలలు వేశారు. తిర్సా తన వేళ్లకి అంటిన ఎండు జిగురు పీక్కుంటూ, ఏమీ ఎరగనట్టు నిలబడింది. సంతోషం పట్టలేనప్పుడు ఆ పిల్ల అలాగే చేసేది.

నాడీన్ కళ్లజోడు సర్దుకుంటూ వచ్చి వంతెన చుట్టూ తిరిగింది.

"ఈ ముక్కోణాలు పదేళ్ల పిల్ల వేసినవేనా, ట్వైలా? నిజం చెప్పు తల్లీ, ఇది చర్చి."

"చెప్పాగా. నా బిడ్డ చేతిపని."

"బిడ్డ చెయ్యో, బిడ్డ తండ్రి చెయ్యో. ఓరిన్ కొట్టాలు కట్టే మనిషి, ఆ చెయ్యి నాకు తెలీదా? పాపం, కూతురి మీద ప్రేమ కొద్దీ చేసుంటాడు, నేనేమీ తప్పు పట్టను. రిబ్బను మాత్రం ఇవ్వలేను."

అని, నీలం రిబ్బను తీసుకెళ్లి విరిగిన వంతెన పక్కనున్న కొడుకు చొక్కాకి గుచ్చింది. ఒక్కళ్లు నోరెత్తలేదు. నేనైతే గింజల బకెట్టు ఆవిడ నెత్తిన బోర్లించేదాన్నే, వదిన నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. మా గుంపులో తల్లి మాట కాదనడమంటే నడిబజార్లో దొంగ అనడమే. ఆ దెబ్బ కూతురికీ తగిలింది, తల్లికీ తగిలింది.

ఆ రోజు నుంచి తిర్సా పుల్ల ముట్టుకోలేదు. అంతకుముందు వాళ్ల నాన్న పారేసిన చెక్కముక్కలన్నీ ఏరుకొచ్చి పక్షిగూళ్లు, నీటిచక్రాలు, ఎలుకబోన్లు చేసేది. అన్నీ అటకెక్కాయి. వంటింటి బల్ల దగ్గర కూర్చుని లెక్కలు చేసేది, చెప్పిన పుస్తకం చదివేది, అడిగితే బదులిచ్చేది. అంతే. చెక్కముక్క ముందు పెడితే చేతులు వెనక్కి తీసుకునేది. కూతురు మళ్లీ ఉలి పట్టాలంటే నాడీన్ అదే హాల్లో, అందరి ముందూ లేచి, తాను అన్నది అబద్ధమని ఒప్పుకోవాలి. మా వదిన లెక్క అది. బిడ్డకి పోయిన మాట తెచ్చివ్వడం తల్లి పని కాక ఎవరి పనని నన్నే అడిగేది.

"గుంపు మానేద్దాం వదినా, ఆ మొహం మళ్లీ చూడటమెందుకు?" అన్నాను నేను.

"మానేస్తే దానికి పండగ. నేనక్కడే ఉంటాను లవాన్. దాని పక్కనే ఉంటాను."

ఉంది. హాలు ఊడ్చే పని ఎవరూ తీసుకోకపోతే తను తీసుకుంది. కాఫీ కాచింది, కుర్చీలు సర్దింది. నాడీన్ వచ్చినప్పుడల్లా "చలిగా ఉందా నాడీన్, కోటు ఇటివ్వు" అనేది. నాడీన్ మురిసిపోయి, ట్వైలాలో మార్పు వచ్చిందని పాస్టరుతో కూడా చెప్పింది. తెల్లనివన్నీ పాలనుకున్నట్టుంది ఆవిడ తెలివి. మూడో ఏడు వచ్చేసరికి చేతిపనుల పోటీ నడిపే చాకిరీ కూడా అడక్కుండానే వదిన చేతికొచ్చింది.

ఈలోగా వదినకి ఇంకోటి దొరికింది. ఒక గురువారం భోజనాల దగ్గర రెండు కేకులు పెట్టారు. మాబ్రీ వాళ్ల చంటిదానికి వేరుశెనగ పడదు, తింటే గొంతు వాచిపోతుంది. అందుకని ఒక కేకు డబ్బా మీద "వేరుశెనగ లేదు" అనీ, రెండోదాని మీద "వేరుశెనగ ఉంది" అనీ పెద్ద అక్షరాలతో రాశారు. లేనిది పట్టుకురమ్మని వదిన ఆసాని పంపింది. వాడు రెండు డబ్బాల ముందూ నిలబడి, అటొకసారి ఇటొకసారి చూసి, మెరిసే మూతున్నది పట్టుకొచ్చాడు. అది తినకూడనిది. వదిన గబుక్కున లాక్కుని, "దీని మీద ఏం రాసుంది బాబూ?" అంది. వాడు ఎర్రబడి, "కళ్లజోడు ఇంట్లో మర్చిపోయా" అన్నాడు. వాడికి కళ్లజోడే లేదు.

ఆ తర్వాత వదిన వాణ్ణి కనిపెట్టి చూసింది. వాక్యం చదవమంటే బైబిలు తెరిచి గడగడా అప్పజెప్పేవాడు, పేజీ మాత్రం వేరేది ఉండేది. పదమూడో ఏడు వచ్చినా పిల్లవాడికి చదవడం రాదు. నాడీన్‌కి అది తెలుసు. మొగుడికి చెప్పలేదు, అత్తగారికి అసలే చెప్పలేదు. తెలిసిందంటే ఆ ముసలావిడ మర్నాడే మనవణ్ణి చెయ్యిపట్టుకుని ఊరి బడిలో కూర్చోబెడుతుంది. నాడీన్ ఇన్నేళ్లు గోడనిండా వేలాడదీసిన రిబ్బన్లన్నీ ఆ గుట్టు కప్పే తెరలేనన్నమాట. ఈ సంగతి వదిన నాకు ఒక్కదానికే చెప్పి, నోరు కుట్టేసుకుంది. మంచితనంతో కాదు, అదునుకోసం.

ఆ ఏడు పోటీ సంగతి ప్రకటించేటప్పుడు వదిన గొంతులో తేనె కారింది.

"మిస్ నాడీన్ ఎప్పుడో చెప్పారు, పెద్దవాళ్ల చెయ్యి పడకూడదని. ఆవిడ మాట మనం సరిగ్గా పట్టించుకోలేదు. ఈసారి మళ్లీ పుల్లల వంతెనలే, పిల్లలు ఇక్కడే, ఈ హాల్లోనే కడతారు. తల్లులంతా బయట ఉందాం. ఏమంటావు నాడీన్? నీ మాటేగా!"

ఏమంటుంది? కాదంటే ఎందుకని అడుగుతారు. తలూపింది. దాని నవ్వు బిగుసుకుపోవడం చూసి నాకు లోపల డప్పులు మోగాయి, ఎందుకు దాచాలి?

వదిన వేసిన ఉచ్చు ఇదీ. ప్రతి బల్ల మీదా రెండు కట్టల పుల్లలు, రబ్బరు బ్యాండ్లు, దారం పెట్టింది. ఒక కట్టలో పుల్లలన్నీ నీళ్లలో నానబెట్టి ఎండేసి, లోపల చీలికలు తెచ్చినవి. ఏ కట్ట వాడాలో, ఏది వాడకూడదో పక్కన కార్డు మీద రాసి పెట్టింది. చదివినవాడు మంచి పుల్లలు తీసుకుంటాడు. చదవనివాడి వంతెన గుప్పెడు గింజలకే కూలిపోతుంది. అప్పుడు వదిన అందరి ముందూ ఆ కార్డు వాడి చేతిలో పెట్టి, "ఇందులో ఏముందో పైకి చదువు బాబూ" అంటుంది. ఆ రోజు తల్లులతోపాటు నాయనమ్మలకీ పిలుపు వెళ్లింది. నాడీన్ అత్తగారిని వదిన స్వయంగా వెళ్లి పిలిచింది.

"వాడు పిల్లాడు వదినా" అన్నాను వంటింట్లో, ఒక్కసారి.

"నాదేమిటి? కుక్కపిల్లా?"

 నిజానికి నాకూ చూడాలనే ఉంది. తిర్సాని కూడా పోటీలో కూర్చోబెట్టింది వదిన. ఆ పిల్ల వద్దనలేదు, సరేననలేదు, వెళ్లి ఆసా పక్క బల్ల దగ్గర కూర్చుంది. పిల్లల్ని కనిపెట్టుకుని ఉండటానికి చర్చి కాపలాదారు ముసలి బర్ల్‌ని హాల్లో వదిలి, తల్లులందరం బయటికి వచ్చి తలుపు మూసేశాం.

బయట చలి కొరుకుతోంది. ట్రక్కుల మధ్య నిలబడి ఫ్లాస్కుల్లో కాఫీ తాగుతున్నాం. నాడీన్ అత్తగారు దూరంగా కార్లో హీటరు వేసుకుని కూర్చుంది. వదిన తిన్నగా నాడీన్ దగ్గరికి నడిచింది. నేను వెనకే వెళ్లాను.

"చలిగా ఉందా నాడీన్?"

"బాగానే ఉంది."

"పిల్లలకేం ఇబ్బంది లేదులే. బల్ల మీద కార్డు పెట్టా, అంతా అందులో రాసే ఉంది. చదువుకుంటే చాలు. చదవకపోతే మాత్రం కూలిపోతుంది. కూలినవాళ్లని లేపి, అందరి ముందూ కార్డు చదివిస్తా. మళ్లీ ఎప్పుడూ పొరపాటు చెయ్యకుండా ఉంటారు, ఏమంటావు?"

నాడీన్ చేతిలో కాఫీ చొక్కా మీద ఒలికింది. తుడుచుకోలేదు.

"ఎప్పట్నుంచి తెలుసు నీకు?" అంది, పెదాలు కదిలీ కదలకుండా.

"ఏది?"

"ట్వైలా, నీ కాళ్లు పట్టుకుంటా. నేర్పడానికి నేను చెయ్యని పని లేదు. అక్షరాలు వాడి కళ్ల ముందు నిలబడవంటాడు. ఏడుస్తాడు. మా అత్త అక్కడే కూర్చుంది చూడు, ఇవాళ తెలిసిందంటే రేపు నా దగ్గర వాడుండడు. నన్ను లోపలికి వెళ్లనీ."

"తల్లి చెయ్యి పడకూడదుగా."

"మరి నువ్వెళ్లు! నువ్వు పెద్దవి కదా పోటీకి, నువ్వు వెళ్లి చదివి పెట్టు."

వదిన ఈ మాట కోసమే మూడేళ్లు కుర్చీలు సర్దింది.

"వెళ్తా. ఇప్పుడే వెళ్తా. ముందు నువ్వు ఆ చర్చి మెట్టెక్కి, వీళ్లందరికీ వినపడేలా తిర్సా వంతెన ఎవరి చేతిపనో చెప్పు. నీ ఇష్టం. పుల్లలు చీలడానికి ఎంతోసేపు పట్టదు."

నాడీన్ మా వదిన మొహంలో జాలి కోసం వెతికింది. అక్కడ లేదు. నా మొహం చూసింది, అక్కడా లేదు. కారు వంక చూసింది, చర్చి తలుపు వంక చూసింది. తర్వాత మెట్టెక్కింది.  తల్లులు మాటలాపి తలలు తిప్పారు.

"మూడేళ్ల కిందట తిర్సా హాస్కెట్ వంతెన తండ్రి కట్టాడన్నాను. అబద్ధం. అది ఆ పిల్ల చేతిపని. నాకు అప్పుడే తెలుసు. నా కొడుకు ఓడిపోతే చూడలేక అన్నాను."

కాఫీ తాగేవాళ్లు తాగడం మర్చిపోయారు. అత్తగారు కారు అద్దం సగం దించింది. నాకైతే ఒళ్లంతా వెచ్చబడింది, క్రిస్మస్ రోజున కూడా అంత హాయి తెలీదు నాకు. వదిన నవ్వలేదు. తలొకసారి ఊపి, తలుపు తీసుకుని లోపలికి వెళ్లింది. వెనకే నేనూ దూరాను.

ముసలి బర్ల్ కొయ్యచెంచా చెక్కుకుంటున్నాడు. తిర్సా బల్ల మీద రెండు కట్టలూ విప్పకుండా అలాగే ఉన్నాయి. కుర్చీ ఖాళీ. ఆ పిల్ల పక్క బల్ల దగ్గర, ఆసా భుజానికి భుజం ఆనించి, కార్డు మీద వేలు పెట్టి మెల్లగా చదువుతోంది. వాడు మంచి పుల్లలు ఏరుకుని దారం చుడుతున్నాడు, నాలుక బయటపెట్టి. ఎదుటి బల్ల దగ్గర మాబ్రీ వాళ్ల పెద్దపిల్ల తలెత్తి, "ఆసాకి మేం ఎప్పుడూ చదివి పెడతాం మిస్ ట్వైలా, అదేం తప్పు కాదు కదా?" అంది. చూస్తే పిల్లలకందరికీ ఎప్పుడో తెలుసు. తెలియనిది తల్లులకే.

పిల్లలంతా మంచి పుల్లలే వాడారు, ఎవరికీ కార్డు చదివించే పని పడలేదు. మాబ్రీ పిల్లకి నీలం రిబ్బను వచ్చింది. ఆసా వంతెన బకెట్టు సగం నిండాక విరిగింది. అది విరిగినప్పుడు వాడు పకపకా నవ్వాడు, నాడీన్ మాత్రం గోడకి ఆనుకుని నేల చూస్తూ నిలబడింది. తిర్సా ఏమీ కట్టలేదు కాబట్టి బకెట్టు దగ్గరికి రాలేదు.

ఇంటికెళ్లేటప్పుడు ట్రక్కు వదిన నడుపుతోంది. మధ్యలో తిర్సా, కిటికీ వైపు నేను. కంకరరోడ్డు ఎక్కేదాకా వదిన ఆగింది. ఆపైన ఆగలేకపోయింది.

"నాడీన్ ఒప్పుకుంది. మెట్టెక్కి, అందరి ముందూ."

"ఏం ఒప్పుకుంది?"

"ఆ వంతెన నువ్వే కట్టావని. నీ చేతిపనేనని."

"అది నాకు తెలుసు కదమ్మా."

"నీకు తెలిస్తే చాలా? ఊరికి తెలియొద్దూ? ఆ మాటతోనేగా నువ్వు అన్నీ అటకెక్కించావు!"

 తిర్సా గొంతు పెంచడం నేనెప్పుడూ వినలేదు, అప్పుడూ పెంచలేదు.

"మిస్ నాడీన్ మాటకి కాదు. ఆవిడ ఆసా కోసం ఏమైనా అంటుంది, అందరికీ తెలుసు. ఆ రోజు నువ్వు లేచి, నా బిడ్డ చేతిపని అన్నావు. ఇంటికెళ్తూ ఇదే ట్రక్కులో, నాన్న ఎక్కడన్నా చెయ్యి వేశాడా, నిజం చెప్పు అన్నావు. లేదన్నా. మళ్లీ అడిగావు."

 ఆ సంగతి నాకు తెలీదు. వదినకి గుర్తుందో లేదో కూడా తెలీదు. మొహం చూస్తే ఇప్పుడే గుర్తొచ్చినట్టుంది.

"అత్తా, హీటరు కొంచెం తగ్గించు" అంది తిర్సా నాతో. తగ్గించాను.

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదే?" అంది వదిన చివరికి. 

"నీకు మిస్ నాడీన్ పని ఉంది కదా. అది తేలేదాకా ఆగా. ఇప్పుడు తేలిపోయిందిగా."

వదిన నా వైపు చూసింది, ఏదన్నా అనమన్నట్టు. ఎప్పుడూ ఆవిడ పక్షాన నోరేసుకుని పడిపోయే నేను కిటికీ వైపు తిరిగాను.

"వచ్చే గురువారం" అంది తిర్సా, రోడ్డు వంకే చూస్తూ, "నువ్వూ చెప్పాలి. మిస్ నాడీన్ చెప్పినట్టే, నిలబడి, అందరి ముందూ. ఆవిడ ముందు కూడా."

ఆ పిల్లని పెంచింది ఎవరో నాకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఇల్లు చేరేదాకా వదిన బతిమాలింది, కోప్పడింది, చివరికి ఏడ్చింది కూడా. తిర్సా బెట్టు సడలించలేదు.

గురువారం వచ్చింది. ప్రార్థన అయ్యాక మా వదిన లేచి నిలబడింది. కుర్చీల మొదటి వరసలో, కొడుకుని పక్కన కూర్చోబెట్టుకుని, నాడీన్ ఉంది. "నా కూతురి మీద నిజంగా అనుమానపడ్డది నేను" అని వదిన మొదలుపెట్టింది, నాడీన్ కళ్లలోకి చూస్తూనే చెప్పాల్సొచ్చింది. నాడీన్ నవ్వి ఉంటే వదిన ఎలాగో తట్టుకునేది. ఆవిడ నవ్వలేదు, వదిన మాట పూర్తయ్యేదాకా జాలిగా తలూపుతూ వింది.